తలకోన దారిలో నాలుగు రోజులు

మొదటి రోజు: 2023 జులై 30

నేను పుట్టి పెరిగింది గోదావరి గట్టున. అక్కడ ఆషాఢంలో నదికి ఎర్రనీరు వస్తుంది, శ్రావణంలో లంకలు మునుగుతాయి. వానలంటే జులై, ఆగస్టు నెలలేనన్న లెక్క ఎవరూ చెప్పకుండానే ఒంటబట్టింది. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద తిరుపతి వచ్చి ఏడాది దాటినా ఆ లెక్క నన్ను వదలలేదు. పైగా ఆ వారమంతా టీవీల్లో తెలంగాణ వరదలే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అదే జిల్లా అడవుల్లోని ముత్యాలధార జలపాతాన్ని చూడబోయినవాళ్ళు వాగు పొంగి చిక్కుకుపోతే సహాయక బృందాలు వెళ్ళి బయటికి తీసుకువచ్చాయి. అది చూసి జంకవలసింది పోయి, మన దగ్గరి జలపాతం కూడా ఇప్పుడే నిండుగా ఉంటుందనుకున్నాను.

పీలేరులో ఉండే మా బావమరిదికి ఫోన్ చేసి ఆదివారం తలకోన వెళదామంటే, "ఇప్పుడా బావా?" అని కాసేపు ఆగి, "సరే రాండి, భాకరాపేటలో ఉంటా" అన్నాడు. ఎందుకు ఆగాడో నాకు మధ్యాహ్నానికి గాని అర్థం కాలేదు.

తిరుపతి నుంచి తలకోన 60 కిలోమీటర్లకు కాస్త లోపే ఉంటుంది. మదనపల్లె రోడ్డులో రంగంపేట దాటి, భాకరాపేట ఘాటు ఎక్కి దిగి, భాకరాపేటలో కుడివైపుకు మళ్ళి నెరబైలు మీదుగా వెళ్ళాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయేదాకా ఈ ప్రాంతం చిత్తూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లా ఎర్రావారిపాళెం మండలం. నెరబైలు దాటాక శేషాచలం కొండలు రోడ్డుకు అడ్డంగా గోడ కట్టినట్టు లేస్తాయి. ఆ గోడ తీరు చిత్రంగా ఉంటుంది: కింది సగం అడవితో కప్పుకున్న ఏటవాలు, పై సగం నిట్టనిలువు రాతి పలక. జలపాతం పుట్టేది ఆ పలక అంచున.

అటవీశాఖ తనిఖీ కేంద్రంలో టిక్కెట్టు తీసుకుని, సిద్ధేశ్వరస్వామి ఆలయం దగ్గర బండి ఆపాము. గుడి ముందు పూలు, కొబ్బరికాయలు అమ్ముకునే ఒక అవ్వ మా చేతిలో కెమెరా చూసి నవ్వి, "ఇప్పుడేం జూస్తారు నాయనా, కార్తీకంలో రాండి. అప్పుడు శబ్దం ఈడికే ఇనబడతాది" అంది. ఆమె కొబ్బరికాయ అమ్ముకోవడానికి మమ్మల్ని నిలబెడుతోందని నేననుకున్నాను. మా బావమరిది మాత్రం, "వస్తాం లే అవ్వా" అన్నాడు.

గుడి నుంచి జలపాతం అడుగుకు రెండు కిలోమీటర్లకు మించని దారి. మొదట కొంత చదునుగా, ఆపైన రాతి మెట్లుగా, చివర వాగు పక్కనే బండరాళ్ళ మధ్యగా వెళుతుంది. చెప్పుల షాపులో జులైకి సరిపోతాయని చెప్పి అమ్మిన రబ్బరు చెప్పులు వేసుకున్నాను. అవి రోడ్డు మీది జులైకి సరిపోతాయి గాని, వాగులోని పాచికి కాదు. రెండో మలుపులోనే జారి మోకాలు చీరుకుపోయింది. దారిలో నీటి శబ్దం కోసం చెవులు రిక్కించి నడిచాను. వినిపించినవి కీచురాళ్ళు, కోతులు, నా ఆయాసం.

ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తయిన జలపాతం ఇదేనని, 270 అడుగులని, అంటే 82 మీటర్లని అందరూ చెబుతారు. ఆ ఎత్తంతా అక్కడే ఉంది. కింద నిలబడి తలెత్తితే మెడ పట్టేసింది. కానీ అంత ఎత్తునుంచి పడుతున్నది మాత్రం బావి మీద చేంతాడంత ధార; సగం దూరం వచ్చేసరికి అది కూడా గాలికి చెదిరి తుంపరైపోతోంది. అప్పుడు మా వాడు నాకు ఈ సీమ లెక్క చెప్పాడు. నైరుతి గాలులు తమ తడినంతా పడమటి కనుమల మీదనే దించుకుని ఇటు వస్తాయి. ఇక్కడ ఆ నెలల్లో పడేవి చాలావరకు సాయంత్రపు ఉరుముల వానలు, ఒక ఊళ్ళో కురిసి పక్క ఊరిని వదిలేసేవి. కొండ లోపలిదాకా నానాలంటే ముసురు పట్టాలి. ఆ ముసురు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో తూర్పునుంచి వస్తుంది.

తిరుగుదారిలో, జలపాతానికి కొంచెం ఇవతల, దారి పక్క రాతి గోడలో నడుమెత్తున ఒక పగులు చూపించాడు. దానిలోంచి నీరు ఊరి రాతిని అంటుకుని జారిపోతోంది. ఎవరో ఆ పగులులోకి ఒక మద్ది ఆకును దోనెలా మడిచి దూర్చారు. రాతిని అంటిపెట్టుకుని పోయే నీరంతా ఆ ఆకు కొసమీదికి వచ్చి సన్నని ధారగా పడుతోంది. నేను లీటరు సీసా దాని కింద పట్టాను. అంకెలతో బతికేవాడి అలవాటు కొద్దీ ఫోన్‌లో గడియారం కూడా నడిపాను. సీసా నిండటానికి 41 సెకన్లు పట్టింది. చల్లగా, ఏ రుచీ లేకుండా ఉన్నాయి నీళ్ళు. చిన్న పుస్తకంలో తేదీ వేసి, పక్కన 41 అని రాసుకున్నాను.

రెండో రోజు: 2023 డిసెంబరు 10

మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటకముందే మూడు రోజులు అది చెన్నైని, నెల్లూరును, తిరుపతిని తడిపి ముద్ద చేసింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. కపిలతీర్థంలో కొండమీది నుంచి కోనేటిలోకి దూకే నీటిని చూడటానికి జనం గొడుగులు వేసుకుని నిలబడ్డారు. వాన తగ్గిన నాలుగో రోజున, కార్తీకమాసపు చివరి ఆదివారం, మేము మళ్ళీ బయలుదేరాము. ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది, పులిహోర, దద్దోజనం కట్టుకుని. వనభోజనానికి వనం, జలపాతం ఒకేచోట దొరుకుతున్నప్పుడు ఇంట్లో తినడం పాపమని ఆమె వాదం.

ఘాటు రోడ్డులోనే తేడా తెలిసింది. జులైలో మసిబారిన నల్లబండలు అనుకున్నవన్నీ ఇప్పుడు తళతళలాడుతున్నాయి. ఎక్కడపడితే అక్కడ పేరులేని చిన్న ధారలు రోడ్డు మీదికి దూకుతున్నాయి. గుడి దగ్గర బండి దిగి తలుపు వేయగానే ఒక హోరు వినిపించింది. దూరంగా రైలు వంతెన మీద పోతున్నట్టు ఎడతెగని శబ్దం. మొదట గాలి అనుకున్నాను; చెట్ల ఆకులు కదలడం లేదు. అవ్వ నన్ను గుర్తుపట్టలేదు గాని, నేను "శబ్దం ఈడికే ఇనబడతాంది" అనేసరికి, "ఎవురో జెప్పినట్టుండారే నీకు" అని నవ్వింది. రెండు కొబ్బరికాయలు కొన్నాము.

దారి వాగైపోయింది. నేను ఈ మాట అలంకారానికి అనడం లేదు: జులైలో మేము మెట్లని ఎక్కినవాటి మీదుగా చీలమండ లోతున నీరు దిగుతోంది. గోదావరి వాణ్ణి కనుక వరద నీటిని రంగును బట్టి పోల్చుకుంటాను. మాకు వరదంటే ఎరుపు, మన్ను, కొట్టుకొచ్చే దుంగలు. ఇక్కడి వరదకు మన్ను లేదు. కొండంతా రాయి కాబట్టి నీరు తేరుకునే ఉంది, రాలిన ఆకులు నానిన పాయల్లో మాత్రం పలచని టీ రంగు. అడుగున రాయి కనబడుతూనే ఉంటుంది, అందుకే లోతు తక్కువని మనసు మోసపోతుంది. నేను ఒకచోట పాదం మునుగుతుందనుకుని పెట్టిన అడుగు మోకాలిదాకా దిగింది. మంచి బూట్లు కొనుక్కుని వచ్చాను కదా అన్న ధీమా ఆ అడుగుతో పోయింది.

జలపాతానికి రెండు వందల మీటర్ల ఇవతల తాడు కట్టి ఉంది. అక్కడున్న అడవి కాపలా మనిషి, అటుపై ఎవరినీ పంపడం లేదని చెప్పాడు. పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్ళు కొందరు అతనితో వాదిస్తున్నారు: వాన ఎప్పుడో ఆగిపోయింది, ఎండ కూడా కాస్తోంది, ఇంకా భయమేమిటని. అతను విసుక్కోకుండా పైకి చూపించాడు. పలక మీద, మనకు కనబడని చోట, కొండ పళ్ళెంలా పరచుకుని ఉందట. ఆ పళ్ళెంలో ఎక్కడో ఒక మబ్బు కురిస్తే ఆ నీరంతా ఈ ఒక్క మూతి నుంచే రావాలి; కింద ఎండ కాస్తుండగానే నిమిషాల్లో వాగు నడుమెత్తు లేస్తుంది. ఇదే కొండల మీద 2021 నవంబరులో కురిసిన వానకు తిరుమల నడకదారుల్లో మెట్ల మీద ఏర్లు పారిన దృశ్యాలు ఆ కుర్రాళ్ళూ చూసే ఉంటారు; శ్రీవారి మెట్టు మార్గం అప్పుడు దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. అయినా వాళ్ళు గొణుక్కుంటూనే వెనుదిరిగారు. నీరు మామూలుగా ఉన్న రోజుల్లో సైతం మడుగులోకి పైనుంచి దూకి, అడుగున రాయి తగిలి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు ఇక్కడ. తాడు దగ్గర ఆగిపోవడం నాకూ కష్టంగానే ఉంది, కాని ఆ మనిషి మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

అక్కడినుంచే, చెట్ల సందులోంచి చూశాము. జులైనాటి చేంతాడు లేదు. పలక అంచు వెడల్పునా నీరు వంగి, రాతికి తగలకుండా గాలిలోకి వచ్చి, తెల్లగా, బరువుగా పడుతోంది. పడిన చోటునుంచి లేచిన తుంపర మా దాకా వచ్చి కళ్ళద్దాలను కప్పేసింది. మా ఆవిడ ఏదో అంది; పెదవులు కదలడం కనబడింది గాని మాట వినబడలేదు. తర్వాత అడిగితే, "ఏమీ లేదు, అబ్బ అన్నాను" అంది.

ఆకు పెట్టిన పగులు తాడుకు ఇవతలే ఉంది కదా అని సీసా తీసుకుని వెళ్ళాను. పగులు కనబడలేదు. ఆ గోడంతా పైనుంచి కిందికి ఒకే నీటి తెర. ఆకు లేదు, కొలవడానికి ధార లేదు. పుస్తకంలో తేదీ రాసి పక్కన గీత గీశాను.

గుడి దగ్గరికి దిగి వచ్చి ఒక ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు పరిచాము. దద్దోజనం వడ్డించే లోపల ఒక తల్లి కోతి, పొట్టకు పిల్లను కరిపించుకునే, పులిహోర పొట్లాన్ని రెండు చేతులతో ఎత్తుకుని చెట్టెక్కింది. మా బావమరిది రాయి తీసుకోబోతే మా ఆవిడే ఆపింది. చెట్టుమీద అది జీడిపప్పులు ఒక్కొక్కటే ఏరుకుని తిని, మెతుకులను మా నెత్తిన పోసింది.

మూడో రోజు: 2024 జనవరి 28

సంక్రాంతి వెళ్ళిన రెండో ఆదివారం. ఒక జలపాతాన్ని చూడటానికి ఒకే ఒక్క రోజు ఎంచుకోమంటే నేను ఈ నెలనే ఎంచుకుంటాను. వాన ఉండదు, దారి ఆరి ఉంటుంది, కొండ మాత్రం తాగిన నీటిని ఇంకా వదులుతూనే ఉంటుంది. మా బావమరిదికి ఆ రోజు పెళ్ళి పిలుపు ఉండి రాలేదు. భాకరాపేట నుంచి ఒక అడవిదారి తెలిసిన పెద్దాయనను నాకు అప్పగించి వెళ్ళాడు.

ఉదయం ఏడు గంటలకు కోనలో ఇంకా ఎండ దిగలేదు. మంచు గడ్డి మీద తెల్లగా ఉంది. పెద్దాయన నడక నెమ్మది, మాట ఇంకా నెమ్మది. ఆయన నన్ను నేరుగా జలపాతానికి తీసుకుపోలేదు. చెట్ల నడుమ కట్టిన తాళ్ళ వంతెన మీదికి ఎక్కించాడు. అది దాదాపు 240 మీటర్ల పొడవున ఒక మాను నుంచి ఇంకో మానుకు ఊగుతూ పోతుంది. ఆ ఎత్తునుంచి అడవిని పక్కనుంచి చూడవచ్చు. నేలమీద నుంచి చూసినంతకాలం ఒక మహావృక్షమనుకున్నది, నిజానికి చెట్లను చుట్టుకుపోయిన గిల్లతీగ అని పైకెక్కాక తెలిసింది. తీగ అనడానికి నోరు రాదు: నా తొడకన్నా లావు, మెలికలు తిరిగి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంతుపట్టకుండా చెట్టునుంచి చెట్టుకు పాకింది. ఎండిన గిల్లకాయ ఒకటి కొమ్మకు వేలాడుతోంది, మూరకు మించిన పొడవున కత్తి ఒరలా. గింజకూ గింజకూ మధ్య నొక్కు. పెద్దాయన కింద వెతికి ఒక గింజ నా చేతిలో పెట్టాడు. ముదురు గోధుమ రంగు, అరచేతిలో సగం, నున్నగా పాలిష్ పెట్టినట్టు. దాన్ని నేలకేసి ఏడెనిమిది సార్లు గట్టిగా రుద్ది నా చేతికి తాకించాడు, చురుక్కుమంది. "చిన్నప్పుడు బళ్ళో అయ్యవారికి ఇట్టే పెట్టి దెబ్బలు తిన్యాం" అన్నాడు. చూసిన తర్వాత గింజను తీసుకుని, దొరికిన చోటనే మళ్ళీ పెట్టాడు. అడవిలోనుంచి ఏదీ బయటికి తీసుకుపోకూడదని నాకు నోటితో చెప్పలేదు.

ఆ నియమం ఇక్కడ ఊరికే పెట్టింది కాదు. ఈ కొండలు 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానం, 2010 నుంచి శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతం. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది దక్షిణ తూర్పు కనుమల్లోని ఈ చుట్టుపక్కల కొండల్లోనే. పెద్దాయన చూపించేదాకా నేను దాన్ని గుర్తించలేదు. చూడటానికి మామూలు చెట్టు. మొసలి వీపులా గళ్ళు గళ్ళుగా పగిలిన నల్లని బెరడు, ఒక కాడకు మూడేసి గుండ్రని ఆకులు. తనిఖీ కేంద్రంలో వచ్చేటప్పటికన్నా పోయేటప్పుడు బండిని ఎక్కువ జాగ్రత్తగా చూసేది దీనికోసమే.

దేవాంగ పిల్లిని చూపిస్తారా అని అడిగితే ఆయన నవ్వాడు. పేరుకు పిల్లే గాని, అది కోతుల జాతికి దగ్గరిదైన, రాత్రి తిరిగే చిన్న జీవి. పగలు ఏ ఆకుల గుబురులోనో ముడుచుకుని నిద్రపోతుంది. దానికి బదులు పెద్ద అడవి ఉడుతను చూపించాడు, పిల్లి అంత ఒళ్ళు, దానికి మించిన తోక, ఒక కొమ్మనుంచి ఇంకో కొమ్మకు ఇరవై అడుగులు దూకింది. రాళ్ళగుట్ట మీద ఒక పసుపు గొంతు పిగిలిపిట్ట పాడుతోంది. ఇది దక్షిణాది రాతికొండలను వదిలి ఎక్కడా బతకని పిట్ట అని చదివాను. పెద్దాయనకు అది "పొద్దున అరిచే పిట్ట".

తలకోన అన్న పేరు గురించి అడిగాను. శేషాచలానికి ఇది తల అని ఆయన జవాబు. కానీ ఆదిశేషుని పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలమని చెప్పుకునే మరో లెక్క ఉంది కదా అంటే, ఆయన ఏ మాత్రం తడబడకుండా, "ఆదిశేషుడికి వెయ్యి తలకాయలు సామీ" అన్నాడు. ఆ తర్వాత నేను పేర్ల జోలికి పోలేదు.

జలపాతం అడుగున ఆ ఉదయం మేమిద్దరమే ఉన్నాము. ధార డిసెంబరు నాటిలా మీదపడి తరమడం లేదు, జులై నాటిలా చెదిరిపోవడమూ లేదు. పలకను ఒరుసుకుంటూ మూడు పాయలుగా దిగి, మధ్యలో ఒక అరుగుమీద కలిసి, అక్కడినుంచి ఒకటిగా పడుతోంది. తొమ్మిదిన్నరకు ఎండ అంచు దాటి లోపలికి వచ్చింది. అప్పుడు తుంపరలో ఇంద్రధనుస్సు ఏర్పడి, ఎండతోపాటే మెల్లగా కిందికి దిగి, మడుగుమీదికి వచ్చి మాయమైంది. అంతా ముప్పావు గంట. ఫోటోలు తీసినవి చాలా ఉన్నాయి, ఒక్కటీ బాగా రాలేదు.

పగులు దగ్గర కొత్త ఆకు ఉంది. ఎవరు పెడతారని అడిగితే, "దాహమైనోడు" అన్నాడు పెద్దాయన. సీసా 6 సెకన్లలో నిండింది.

ఈ రాతి గురించి ఆ తర్వాత కొంత చదివాను. తిరుమల ఘాటు రోడ్డులో ప్రసిద్ధి పొందిన శిలా విచ్ఛేదం దగ్గర కనిపించేదే ఇక్కడి కథ కూడా: అడుగున అతి పురాతనమైన గ్రానైటు, దానిపైన, మధ్య కోట్లాది ఏళ్ళ ఖాళీని వదిలి, పొరలు పొరలుగా క్వార్ట్జైటు. క్వార్ట్జైటు అంటే ఒకప్పటి ఇసుకే, గట్టిపడి రాయైనది. ఆ రాయి నీటిని పీల్చదు. కానీ నిలువునా అడ్డంగా చీలి ఉంటుంది. కొండమీద పడ్డ వాన ఆ చీలికల్లోకి దిగి, నెలల తరబడి మెల్లగా నడిచి, ఇలాంటి పగుళ్ళలోంచి బయటపడుతుంది. మన ఊరి చెరువుకు తూము ఉన్నట్టే ఈ కొండకు వేల తూములు.

మార్చి 8న మహాశివరాత్రికి రమ్మని మా బావమరిది పిలిచాడు. సిద్ధేశ్వరుడి దగ్గర ఆ రాత్రి జాగరణకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వస్తాయి. అంత జనంలో దారి చూడటం కుదరదని నేను వెళ్ళలేదు. వెళ్ళి ఉండవలసిందని ఇప్పుడనిపిస్తోంది.

నాలుగో రోజు: 2024 మే 5

ఈ ప్రయాణాన్ని ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. ఎన్నికలు ఎనిమిది రోజుల దూరంలో ఉన్నాయి, రాయలసీమ అంతటా వడగాలులు. వడదెబ్బ హెచ్చరికలు ఫోన్‌కు రోజూ వస్తున్నాయి. మండు వేసవిలో జలపాతం చూడటానికి ఎవరైనా పోతారా అని మా ఆవిడ. "నీళ్ళుండవు బావా" అన్నాడు బావమరిది కూడా, కానీ చీకటితోనే భాకరాపేటలో నిలబడి ఉన్నాడు.

అయిదున్నరకు నడక మొదలుపెట్టాము. అడవి మొత్తం పలచబడింది. జనవరిలో పది అడుగుల అవతల ఏముందో తెలియని చోట, ఇప్పుడు చెట్ల మధ్యనుంచి కొండ ఒళ్ళంతా కనబడుతోంది: ఎక్కడ వంగింది, ఎక్కడ చీలింది, వాగు ఏ మలుపు దగ్గర రెండుగా విడిపోయి ఏ బండ వెనుక కలుస్తుంది. ఎండాకులు మోకాలికి కొంచెం కింది దాకా పేరుకుని, అడుగు వేస్తే అప్పడాలు విరిగిన చప్పుడు. దారికి అడ్డంగా కొంత వెడల్పున ఆకంతా ఊడ్చి, నేలను బోడిగా ఉంచిన గీతలు కనబడ్డాయి. మంట అంటుకుంటే ఆ గీత దాటకుండా చేసిన ఏర్పాటు. ఒకచోట గీతకు అటువైపు నేల నల్లగా కాలి ఉంది, ఇటువైపు అదే ఎండాకు చెక్కు చెదరకుండా ఉంది. ఒక చీపురు ఎంత పని చేయగలదో నేను అక్కడ చూశాను.

ఎర్రచందనం చెట్లు పూసి ఉన్నాయి. పసుపు పచ్చని చిన్న పూలు, గుత్తులుగా. కొన్ని మాన్లకు ఆకు ఇంకా సరిగా రాలేదు, పువ్వు ముందు వచ్చింది. వాటి కింద నేల పసుపు చల్లినట్టుంది. తేనెటీగల రొద ఎంత గట్టిగా ఉందంటే, డిసెంబరునాటి హోరు గుర్తొచ్చి ఒక క్షణం ఆగిపోయాను.

జులైలో నేను జారిపడ్డ రెండో మలుపు దగ్గర వాగు ఎండిపోయింది. పాచి ఎండి, కాగితంలా చుట్టలు చుట్టుకుని రాతి నుంచి ఊడి వస్తోంది. దాన్ని చేత్తో తోసేస్తే కింద రాతి పలకమీద వరుసగా గాట్లు కనిపించాయి. మొదట ఉలి పని అనుకున్నాను. వేలు పెట్టి చూశాను: ఒక వైపు ఏటవాలు, ఒక వైపు నిటారు, గాటుకూ గాటుకూ రెండు వేళ్ళ దూరం. చిన్నప్పుడు గోదావరి తిన్నెల మీద నీరు తీసినప్పుడల్లా ఇసుకలో ఇవే గీతలు చూసేవాణ్ణి, వాటిమీద నడిస్తే అరికాళ్ళకు చక్కిలిగింత పెట్టేది. ఇవీ అవే. ఈ రాయి ఇసుకగా ఉన్నప్పుడు, లోతులేని ఏదో నీటి అడుగున అలలు గీసినవి. ఆ తర్వాత ఆ ఇసుక రాయైంది, ఆ రాయి కొండైంది, గీతలు చెరగలేదు. నేను బూట్లు విప్పి దానిమీద నిలబడ్డాను. మా బావమరిది కాసేపు చూసి, తనూ చెప్పులు విడిచాడు. మూడుసార్లు ఈ బండ మీదుగా నడిచిపోయాను నేను. నీరు ఉన్న మూడుసార్లూ ఇది కనబడలేదు.

జలపాతం దగ్గర 270 అడుగుల పలక మొత్తం బయటపడి ఉంది. నీరు పారినంత మేర నల్లని చారలు, మిగిలినచోట ఎరుపు, కావి రంగు. ధార లేదు. కానీ పూర్తిగా ఎండిపోయిందని కూడా చెప్పలేను. పలక పై అంచునుంచి చుక్కలు విడివిడిగా పడుతున్నాయి, అంత ఎత్తునుంచి రావడానికి ఒక్కో చుక్క చాలాసేపు తీసుకుంటోంది. ఒకదాన్ని కంటితో పట్టుకుని కిందిదాకా వెంబడించవచ్చు. మడుగు మోకాలి లోతుకు తగ్గింది. దాని అంచున తేనెటీగలు బారులు తీరి తాగుతున్నాయి, వేలెడంత పీత ఒకటి రాతి కిందికి వెనక్కి నడిచింది. ఎవరూ లేరు. ఏడాదిలో నేను అక్కడ ఎక్కువసేపు కూర్చున్నది ఆ రోజే, దాదాపు రెండు గంటలు.

ఎండ దిగేలోపు వెనక్కి బయలుదేరి పగులు దగ్గర ఆగాము. ఆకు ఉంది, ఎండి, మధ్యలో చీలి, కొంత నీరు ఆ చీలికలోంచి కారి రాతిమీదికి పోతోంది. సీసా పట్టి గడియారం నొక్కాను. మోకాళ్ళ మీద కూర్చుని చేయి మార్చుకుంటూ పట్టవలసి వచ్చింది. ఒక నిమిషం 52 సెకన్లు. మా బావమరిది వెతికి వెతికి పచ్చిగా ఉన్న ఒక మద్ది ఆకు తెచ్చి, ఎండిన దాన్ని తీసి, కొత్తది పెట్టి బొటనవేలితో నొక్కాడు. నేను సీసా వంచి తాగేసి మళ్ళీ పట్టాను. ఈసారి ఒక నిమిషం 35. పుస్తకంలో రెండూ రాశాను.

గుడి దగ్గర అవ్వ వేపచెట్టు నీడలో కూర్చుని ఉంది. బుట్టలో పూలు కొద్దిగానే ఉన్నాయి, మీద తడిగుడ్డ ఆరిపోయింది. "నీళ్ళుండాయా నాయనా?" అని అడిగింది. చేతిలోని సీసా ఇచ్చాను. సగం తాగి, మిగిలింది పూల మీది గుడ్డకు చల్లి, ఖాళీ సీసా తిరిగి ఇచ్చింది.